తొమ్మిదో నంబరు రాట

నమోదు 1
డిసెంబరు 19. గాలి ఈశాన్యం. నీరు ఐదడుగులు. పలకలు 31.

హైమ ఈ రోజు పోయింది. పొద్దున పదకొండూ ఇరవైకి.

నాలుగున్నరకే లేచింది. గంజి అడిగింది. రెండు చెంచాలు తాగి చాలంది. లెన్సు వరండాలో పెట్టమంది. మేముండేది మునిగిన బడి పై అంతస్తులో. ఎనిమిదివందల మిల్లీమీటర్ల లెన్సు, ఆరు కిలోల బరువు. స్టాండుకి బిగించి, కుర్చీ దాని వెనక్కి లాగి, ఆమె వీపుకి రెండు దిళ్లు పెట్టాను. గంటసేపు కన్ను తియ్యలేదు. ఎదురుగా బడి ప్రహరీ మీద నత్తగుల్ల కొంగ ఒకటి నిలబడి ఉంది. ప్రహరీ అంటే ఇప్పుడు నీళ్ల పైకి కనపడే జానెడు గోడ.

"నొక్కు" అన్నాను.

"మెడ ఇటు తిప్పలేదండీ" అంది.

కొంగ మెడ తిప్పకుండానే ఎగిరిపోయింది. పదకొండు దాటాక "లెన్సుకి మూత పెట్టండి, ఉప్పుగాలి" అంది. మూత వెతికి పెట్టాను. ఇటు తిరిగేసరికి అయిపోయింది.

కట్ట మీద ఉండే గంగులమ్మ తన పడవ తెచ్చింది. సాయంత్రం కట్ట మీద దహనం అయింది. ఈ చుట్టుపక్కల పొడినేల అదొక్కటే.

ఆఫీసు పుస్తకంలో ఈ రోజు పేజీలో "పరిశీలన లేదు" అని రాశాను. ఇది ఆఫీసు పుస్తకం కాదు. ఆమె నోటుబుక్కులో మిగిలిన కాగితాలు.

నమోదు 2
జనవరి 6. గాలి తూర్పు. నీరు నాలుగున్నర. పలకలు 31.

పద్ధెనిమిది రోజులు ఏమీ రాయలేదు.

మంగళవారం మంచినీళ్ల పడవ వచ్చింది. నాలుగు డబ్బాలు దించారు, ఇద్దరి వంతు. రెండు వెనక్కి ఎక్కించాను. పడవవాళ్లు వాటిని లోపలికి సర్దుకున్నారు. వాళ్లకి తెలుసు.

పక్షుల లెక్క ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏడూళ్ల మడుగుకి సాక్షి స్థానం ఖాళీ అయింది కాబట్టి, సహాయకుడూ భర్తా అయిన నన్ను సాక్షిగా నియమించారు. పదకొండేళ్లుగా హైమ సాక్షి. నేను లెన్సు మోసేవాణ్ణి, పడవలో స్టాండు పట్టుకునేవాణ్ణి, ఫారాలు నింపేవాణ్ణి. జువాలజీలో డిగ్రీ నాది. చూపు ఆమెది.

లెన్సు వెనక పెట్టే ఫొటో పలక ఒక్కసారే పని చేస్తుంది. నొక్కాక సీలు పడిపోతుంది, దిద్దడం కుదరదు. ఆఫీసుకి దాని విలువ అదే. తెర మీద కనపడే బొమ్మ దేన్నీ ఇప్పుడెవరూ నమ్మరు. గూడబాతు కావాలంటే గూడబాతు, దాని మీద వాన కావాలంటే వాన, ఎవరికి కావలసింది వాళ్లు పుట్టించుకుంటారు. మా అమ్మ చిన్నప్పుడు ఫొటో చూస్తే నమ్మేవారట. అందుకని ఒక పక్షి ఉంది అనాలంటే గాజు కావాలి, పలక కావాలి, వెనకాల ఒక మనిషి ఉండాలి. సీజనుకి నలభై పలకలు.

ఈ రోజు మంచె మీదికి వెళ్లాను. మంచె అంటే నీళ్లలో పీపాల మీద కట్టిన చెక్కల అరుగు, మూడు పక్కలా తడికెలు. అక్కణ్ణించి గూళ్ల తుమ్మచెట్టు రెండువందల గజాలు. అంతకన్నా దగ్గరికి పోకూడదు. చెట్టు మీద ముప్ఫై ఏడు గూళ్లు, అన్నీ గూడబాతులవే.

కన్ను పెట్టాను. ఒక పక్షిని సరిగ్గా మధ్యలోకి తెచ్చాను. లెన్సు కదిలింది.

నేను కదపలేదు. మెల్లిగా, వెంట్రుకవాసి చొప్పున, ఎడమకి జరిగి ఆగింది. పక్షి కుడివైపుకి వెళ్లింది. దాని ముక్కు ముందర ఖాళీ నీళ్లు వచ్చాయి.

లెన్సు కింద మోటారు మెడ ఒకటి ఉంటుంది. మంచె ఊగినా లెన్సు ఊగకుండా పట్టుకుంటుంది. వాడేవాళ్ల చేతివాటం నేర్చుకుంటుంది. ఎక్కడ ఆగుతారో, దేన్ని వదిలేస్తారో, ఎంతసేపు ఎదురుచూస్తారో. హైమ దాన్ని మూడోచెయ్యి అనేది. పదకొండేళ్లుగా నేర్చుకుంది.

నేను మళ్లీ మధ్యలో పెట్టాను. అది మళ్లీ ఎడమకి జరిపింది.

మూత పెట్టి ఇంటికి వచ్చేశాను.

నమోదు 3
జనవరి 17. గాలి తూర్పు. నీరు నాలుగున్నర. పలకలు 29.

ఇవాళ ఇంకో కాగితం. పూర్తిగా ఎత్తి రాయను.

ఆఫీసులో పాత పలకల్ని చదివే కొత్త యంత్రం పెట్టారు. మా మడుగువి పదకొండు సీజన్లవి, 438 పలకలు చదివింది. గూడు, పక్షి, స్తంభం మూడూ ఒకే ఫ్రేములో ఉన్నవి: సున్నా. కాబట్టి పదకొండేళ్ల సాక్ష్యం చెల్లదు. మార్చి 31 లోపల చెల్లే పలక ఒక్కటైనా ఇవ్వకపోతే మడుగు "ఖాళీ నీరు" జాబితాలోకి వెళ్తుంది.

ఖాళీ నీరు అంటే ఎవరూ లేని నీరు. నీళ్ల బోర్డు తూము ఎత్తి తోడుకోవచ్చు. కింద కొండ్రవాక మడుగు అలాగే పోయింది. నాలుగు వారాలు పట్టింది.

కాగితాల్లో స్తంభం. మడుగు మీద అందరూ రాట అంటారు. గూళ్ల చెట్టుకి కుడిపక్క నాలుగు గజాల్లో పాతారు. దాని మీద 9 అని అంకె. ఆ రాట బొమ్మలో ఉంటేనే, పక్షి ఈ మడుగులో ఉన్నట్టు లెక్క. లేకపోతే ఎక్కడి పక్షో.

హైమ ఆ రాటని ఒక్కసారి కూడా ఫ్రేములోకి రానివ్వలేదు.

నాకు తెలుసు. ప్రతి పలకకీ నేనే ఫారం నింపాను. అందులో ఆరో గడి: "స్తంభం కనపడుతోందా?" మొదటి ఏడాది నేను కలం పట్టుకుని ఆమె వైపు చూశాను. "అక్కడే ఉంది కదండీ, ఎక్కడికి పోతుంది? ఉంది అని రాయండి" అంది. రాశాను. తరవాత అడగడం మానేశాను. 438 సార్లు "ఉంది" అని రాశాను. అన్నీ నా దస్తూరీ.

నమోదు 4
ఫిబ్రవరి 2. గాలి ఆగ్నేయం, గట్టిగా. నీరు నాలుగు. పలకలు 22.

ఏడు పలకలు పాడుచేశాను.

రాటని ఫ్రేములో పెడతాను. పక్షి గూట్లో తిన్నగా నిలబడాలి. కంట్లో వెలుగు పడాలి. వెనక ఇంకో పక్షి తల దీని తలకి అతుక్కున్నట్టు కనపడకూడదు. ఇవన్నీ కుదిరేదాకా ఆగాలి. ఆ ఆగడంలోనే మూడోచెయ్యి జరుపుతుంది. రాట అంచుకి వెళ్తుంది, అంచు దాటుతుంది, పోతుంది. గట్టిగా పట్టుకుని వెనక్కి లాగితే రెండు చేతుల పోట్లాటలో లెన్సు వణుకుతుంది. పలక మీద గూడబాతు బదులు బూడిదరంగు మరక పడుతుంది.

గంగులమ్మ పడవలో చుట్ట ముట్టించుకుంటూ చూస్తోంది.

"ఏం మాస్టారూ, ఇయ్యాల కూడా హైమక్కతో దెబ్బలాటేనా?"

నేను మాస్టర్ని కాను. బడి పై అంతస్తులో ఉంటానని ఆమె పెట్టిన పేరు.

"గాలి" అన్నాను.

"గాలికేం పాపం తెల్దు. బతికున్నప్పుడు ఏనాడన్నా ఆయమ్మ మాట కాదన్నారా? ఇప్పుడు కాదంటే ఇంటదా?"

మోటారు ఆపేసి కూడా చూశాను. మంచె మీద ఎనిమిదివందల లెన్సు మనిషి చేతిలో నిలవదు. నా గుండె కొట్టుకోవడం కూడా ఫ్రేములో కనపడుతుంది. చిన్న లెన్సు పెడితే రాట మీద అంకె చదవడానికి రాదు. పొద్దున తొమ్మిది దాటితే నీళ్ల మీద వేడికి దృశ్యం మరిగిపోతుంది. రోజుకి రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఆమెతో.

నమోదు 5
ఫిబ్రవరి 14. గాలి లేదు. నీరు మూడున్నర. పలకలు 20.

ఆఫీసు నుంచి తనిఖీకి రెహానా గారు వచ్చారు. ముప్ఫై ఏళ్లు ఉంటాయేమో. చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కారు. బల్ల ఎక్కడా లేకపోతే కిటికీ గట్టు మీద కాగితాలు పరిచారు.

తరగతి గదిలో నల్లబల్ల అలాగే ఉంది. హైమ దాని మీద సుద్దతో ఒక దీర్ఘచతురస్రం గీసింది. లోపల కుడిపక్క పక్షి. ఎడమపక్క ఏమీ లేదు. నాకు నేర్పడానికి గీసింది. నేను చెరపలేదు.

రెహానా గారు దాన్ని చూసి అడిగారు, "మేడం గారు గీసిందా?"

"అవును."

"మా ట్రైనింగులో ఆవిడ పలకలే చూపించారండి. ముక్కు ముందర ఇంత చోటు ఎందుకు వదలాలో వాటితోనే నేర్చుకున్నాం." సుద్ద గీత దగ్గరికి వెళ్లి, "రాట లేదని అప్పుడు ఎవరికీ తట్టలేదు" అన్నారు.

"ఫారంలో ఉందని రాశాను కదా."

"అవును సార్. మీ సంతకమే. దాని మీద చర్య తీసుకోవచ్చు. నేను రాయలేదు."

థాంక్స్ చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

గంగులమ్మ గుమ్మంలో కూర్చుని వింటోంది. "ఎందుకు లేదో అది కూడా రాసుకోండమ్మా" అంది.

"ఎందుకు?"

"ఆ రాట పాతిన్నాడు ఈ అమ్మ కాలేజీకి పోతా ఉంటాది" అని నాతో అని, తరవాత రెహానా గారికి చెప్పింది. "గూళ్ల చెట్లు రెండమ్మా. ఇప్పుడున్నది ఒకటి. రెండోది దీనికి ఎడంపక్క. రాట తిన్నగా కనపడాలంట, కట్ట మీద నుంచి దుర్భిణీ వేస్తే ఆ చెట్టు అడ్డమంట. కొట్టేశారు. ఏడు గూళ్లుండాయి. పిల్లలుండాయి. వద్దు బాబూ, నెల్లాళ్లాగండి, ఎగిరిపోతాయి అని హైమక్క నా పడవలో నిలబడి మొత్తుకుంది. నీళ్లలో తేలతా ఉంటే ఏరినాం. ఒక్కటీ బతకలేదు."

రెహానా గారు కాగితాలు తిరగేశారు. "ఆ సంగతి రికార్డులో లేదు."

"రికార్డులో ఉంటే మీరు ఇంత దూరం రావడమెందుకు?" అంది గంగులమ్మ.

ఆ రోజు నేను టౌనులో ఆఫీసు దగ్గర ఉన్నాను, ఈ లెన్సు సంతకం పెట్టి తీసుకోవడానికి. తిరిగి వచ్చేసరికి హైమ చీర మోచేతుల దాకా తడిసి ఉంది. ఏం జరిగిందో రెండు వాక్యాల్లో చెప్పింది. లెన్సు పెట్టె తెరిచి, గాజు తుడిచింది. పక్షుల్ని లెక్కపెట్టడానికి పక్షుల చెట్టు కొట్టారన్న మాట తరవాత ఎప్పుడూ ఎత్తలేదు. రాటని మాత్రం రానివ్వలేదు.

వెళ్లేముందు రెహానా గారు మూడోచెయ్యి పరీక్షించారు. కొత్తది పంపడానికి జూన్ దాకా కుదరదట.

"ఇదిగో సార్, పక్కన ఎర్ర బొత్తం. పది సెకన్లు నొక్కి పట్టుకుంటే నేర్చుకున్నదంతా పోతుంది. ఎవరి చెయ్యీ ఉండదు. ఎక్కడ పెడితే అక్కడ నిలబడుతుంది."

"మళ్లీ తెచ్చుకోవచ్చా?"

ఆమె లెన్సు వైపు చూసి, నల్లబల్ల వైపు చూసి, "లేదండి" అన్నారు.

నమోదు 6
మార్చి 9. గాలి దక్షిణం. నీరు మూడు. పలకలు 11.

బొత్తం నొక్కలేదు. నొక్కకుండానే తీయగలనని చూస్తున్నాను. తీయలేను.

నిన్న ఒక పిల్ల రెక్కలు పూర్తిగా విప్పింది. గూళ్లు ఖాళీ అవడం మొదలైంది. ముప్ఫై ఏడులో ఇరవై రెండు మిగిలాయి. పిల్లలు ఎగిరిపోయాక గూడు ఉంటుంది, సాక్ష్యం ఉండదు.

లెన్సు తుడవడానికి ఆమె పాత నేతచీర ముక్క వాడతాను. ఇంకో మూడు ముక్కలున్నాయి.

కోపం వస్తోంది. ఇక్కడ తప్ప ఎక్కడా రాయలేను. చెట్టు కోసం పదకొండేళ్లు అలిగింది. ఆ అలకలో మడుగు పోతే ఏడు గూళ్లు కాదు, ముప్ఫై ఏడు. లెక్క ఆమెకి తెలియదా? బొమ్మలు బావుండేవి. బావున్నాయని నేనూ అనేవాణ్ణి. అన్నం కలుపుతూ, కాగితం నింపుతూ, "బావుంది" అనేవాణ్ణి. ఒక్క రోజు కలం పక్కన పెట్టి, ఇలా కాదు హైమా, ఒక్కటి వాళ్లడిగినట్టు తియ్యి అని ఉంటే తీసేదేమో. తీసేది కాదేమో. అడగలేదు కాబట్టి నాకు తెలియదు.

నమోదు 7
మార్చి 24. గాలి దక్షిణం, గట్టిగా. నీరు రెండున్నర. పలకలు 4.

గూళ్లు మూడు మిగిలాయి. తూము దగ్గర నీళ్ల బోర్డు వాళ్లు పంపు గొట్టాలు దించారు. ఇంకా వారం ఉందని గంగులమ్మ అరిచింది. దించడం వరకే అన్నారట.

నమోదు 8
మార్చి 30. గాలి లేదు. నీరు రెండున్నర. పలక 1.

గూడు ఒక్కటే. అందులో పిల్లలు మూడు.

పొద్దున మంచె ఎక్కేటప్పటికి పలకలు రెండు. నిన్న సాయంత్రమే అనుకున్నాను, వెళ్లగానే బొత్తం నొక్కాలని. ఆరూ యాభైకి గాలి పడిపోయింది. ఈ సీజనులో అంత నిశ్చలం ఎప్పుడూ లేదు. తల్లి గూడబాతు దక్షిణం నుంచి వచ్చింది. కాళ్లు ముందుకు చాపి, రెక్కలు వెనక్కి విరిచి దిగింది. పెద్ద పిల్ల తల్లి ముక్కుసంచిలోకి తల దూర్చింది. మిగతా రెండూ తమ వంతు కోసం మెడలు చాపాయి.

రాట కుడి అంచున స్పష్టంగా ఉంది. 9 చదవచ్చు.

వేలు ఎర్ర బొత్తం మీద పెట్టాను. మూడు దాకా లెక్కపెట్టి తీసేశాను.

లెన్సు ఎడమకి జరగడం మొదలుపెట్టింది. ఈసారి ఆపలేదు. చెయ్యి వదులు చేసి దాని వెంట వెళ్లాను. రాట పోయింది. తల్లీ పిల్లలూ కుడిపక్కకి చేరారు. ఇంకా జరిగింది. ఇంత చోటు ఎందుకా అనుకున్నాను, చాలు అనుకున్నాను. అది చాలనుకోలేదు. ఎడమ కింది మూల నీళ్లలోంచి నల్లగా ఏదో లోపలికి వచ్చింది. అప్పుడు ఆగింది.

నొక్కాను.

తరవాత కన్ను తీసి మామూలు దుర్భిణీతో చూశాను. మోడు. కొట్టేసిన తుమ్మచెట్టు మొదలు. జానెడు కూడా ఉండదు.

"ఏమైంది మాస్టారూ? వచ్చిందా రాట?" గంగులమ్మ కింద నుంచి.

"రాలేదు."

"తుస్సుమనిపించారా? రెండుంటే ఒకటి తగలెట్టారా?" అని ఇంకా నాలుగు తిట్లు తిట్టింది. అవి రాయను. తిట్టి, చుట్ట ఆర్పి, "ఇంకోటుంది గదా" అంది. ఆమె ఇల్లు కట్ట మీద. మడుగు పోతే పడవ పోతుంది.

ఇంటికి వచ్చి గోడ మీద హైమ అంటించిన అచ్చులన్నీ చూశాను. నీరు తగ్గాక మంచె మీద నుంచి తీసినవి అరవై నాలుగు. అరవై నాలుగింటిలోనూ ఎడమ కింది మూల ఆ నల్ల మరక ఉంది. ఒకదాంట్లో పొగమంచులో ఉంది, ఒకదాంట్లో దాని మీద కప్ప ఉంది. ఇన్నాళ్లూ రాయి అనుకున్నాను. ఖాళీ చోటు అనుకున్నాను. ముక్కు ముందర చోటు వదలాలి అని నల్లబల్ల మీద గీసి మరీ చెప్పింది, నమ్మాను. ఆమె అలగలేదు. సాక్ష్యం ఇస్తూ వచ్చింది, వాళ్లడిగినదానికి కాదు, అంతే. పక్కన నిలబడి 438 ఫారాలు నింపిన నాకు కూడా చెప్పలేదు. అడుగుతానేమోనని చూసి ఉంటుంది.

లెక్క వేశాను. రెండువందల గజాల దూరాన ఈ లెన్సులో ఫ్రేము వెడల్పు తొమ్మిది గజాలు. మోడుకీ రాటకీ మధ్య పదకొండు. రెండూ ఒక పలకలో పట్టవు. ఆమె కూడా ఈ లెక్క వేసే ఉంటుంది.

మధ్యాహ్నం గంగులమ్మ ఎండుచేపల పులుసు పంపింది. తిన్నాను. లెన్సు తుడిచాను. మూత పెట్టాను. ఆఖరి పలక తడవకుండా గుడ్డలో చుట్టాను.

రేపు పొద్దున ఐదున్నరకి మంచె ఎక్కుతాను. ఎర్ర బొత్తం పది సెకన్లు నొక్కి పట్టుకుంటాను. పక్షి ముక్కు ముందర చోటు వదలను. గూడు ఎడమపక్కకీ, రాట కుడిపక్కకీ పెట్టి, 9 కనపడేలా తీస్తాను. బొమ్మ బావుండదు. మూత పెట్టి, ఫారం తీసి, ఆరో గడిలో పదకొండేళ్లలో మొదటిసారి చూసి రాస్తాను: ఉంది. ఎప్పుడూ ఖాళీగా వదిలేసిన ఆఖరి గడిలో చెట్టు కొట్టిన తేదీ, ఏడు గూళ్లు, హైమ పేరు రాస్తాను. ఈ రోజు మోడు పలకని ఎడమకి, రేపటి రాట పలకని కుడికి పెట్టి, రెండూ కలిపి కట్టి, ఎనిమిది గంటల పడవకి రెహానా గారికి పంపుతాను.